క్రిస్ క్రిస్టాఫర్సన్: పాటల రచయిత, నటుడు

క్రిస్ క్రిస్టాఫర్సన్ (1936–2024) అమెరికన్ కంట్రీ సంగీతంలో గాయకుడు, పాటల రచయిత, హాలీవుడ్ నటుడు. పాటలతో వచ్చిన పేరును పెట్టుబడిగా పెట్టి సినిమాల్లోకి వెళ్లారన్నది ఆయన మీద స్థిరపడిన అభిప్రాయం. ఆయన రచనను దగ్గరగా చూస్తే ఆ మాట నిలవదు. రెండు చోట్లా ఆయన చేసిన పని ఒక్కటే, పాత్రను నిలబెట్టడం. టెక్సాస్‌లోని బ్రౌన్స్‌విల్‌లో సైనిక కుటుంబంలో పుట్టి, రోడ్స్ స్కాలర్‌గా ఆక్స్‌ఫర్డ్‌లో ఆంగ్ల సాహిత్యం చదివి, సైన్యంలో హెలికాప్టర్ పైలట్‌గా కెప్టెన్ హోదాకు ఎదిగారు. 1965లో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో సాహిత్యం బోధించే అవకాశం వస్తే వదులుకుని నాష్‌విల్ చేరి, కొలంబియా స్టూడియోలో ఊడ్చి తుడిచే పనికి కుదిరారు.

పేరు తెచ్చిన పాటలు చాలావరకు సినిమా గడప తొక్కకముందు రాసినవే. 'సండే మార్నింగ్ కమింగ్ డౌన్'లో తాగిన మత్తు దిగని ఒక మనిషి ఆదివారం పొద్దున వీధిలోకి వస్తాడు. ఎవరింట్లోనో కోడిమాంసం వేగుతున్న వాసన, పార్కులో కూతురిని ఊయల ఊపుతున్న తండ్రి, చర్చి బడిలో పిల్లల పాట. ఇందులో ఏదీ అతనిది కాదు. ఆ ఒంటరితనాన్ని చూపిన తీరు అచ్చంగా సినిమా సన్నివేశానిది. 1970లో జానీ క్యాష్ పాడగా అది కంట్రీ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. మత్తును సూచించే ఒక మాట మార్చమని టీవీ వాళ్లు అడిగినా క్యాష్ ఉన్నదున్నట్టే పాడారు. మంచి నిర్ణయం, ఆ మాట మారితే మనిషే మారిపోతాడు. 'మీ అండ్ బాబీ మెగీ'ని మొదట రోజర్ మిల్లర్ పాడారు. జానిస్ జోప్లిన్ గొంతులో అందులోని ప్రేయసి ప్రియుడయ్యాడు. ఆమె మరణించాక, 1971లో, అది దేశమంతటా అగ్రస్థానం అందుకుంది. పాత్రకు తగిన రచన కాబట్టే ఎవరు పాడినా చెక్కుచెదరలేదు.

ఆయన తెరమీద తనను తానే చూపించుకున్నారు తప్ప నటించలేదన్న విమర్శ ఉంది. తాగుడుతో దిగజారే రాక్ గాయకుడిగా గోల్డెన్ గ్లోబ్ తెచ్చిపెట్టిన 'ఎ స్టార్ ఈజ్ బార్న్' (1976) వరకే చూస్తే అది నిజమనిపించవచ్చు. అయితే జాన్ సేల్స్ తీసిన 'లోన్ స్టార్' (1996)లో ఆయన లంచాలు గుంజుతూ ప్రాణాలు తీసే షెరీఫ్ చార్లీ వేడ్. కనిపించేది గతాన్ని చూపే కొద్దిపాటి దృశ్యాల్లోనే అయినా సినిమా మొత్తాన్ని ఆ భయమే నడిపిస్తుంది. 'హెవెన్స్ గేట్' (1980) వైఫల్యం కథానాయకుడిగా ఆయన్ను గట్టిగానే దెబ్బతీసింది. దాదాపు 4.4 కోట్ల డాలర్ల ఖర్చులో పదోవంతు కూడా వెనక్కి రాని సినిమా అది. ఆ నష్టాన్ని నటుడి ఖాతాలో రాయడం మాత్రం అన్యాయం.

సినిమాలు పాటను మింగేశాయన్న ఆక్షేపణ మరింత బలమైనది. 1973 నాటి 'వై మీ' తర్వాత ఒంటరి గాయకుడిగా ఆయనకు అగ్రస్థానం దక్కలేదు. కానీ దీనికి సినిమాలొక్కటే కారణం కాదు. 1980లలో మధ్య అమెరికా పట్ల తమ ప్రభుత్వ విధానాన్ని ఎదిరిస్తూ రాసిన పాటల్లో పాత్రలు వెనక్కి తగ్గి, రచయితే నేరుగా మాట్లాడారు. అందులోని ధైర్యాన్ని గౌరవించాల్సిందే. కళగా మాత్రం అవి పాతవాటికి సరితూగవు. అదే దశకంలో విల్లీ నెల్సన్‌తో కలిసి నటించిన 'సాంగ్‌రైటర్' (1984)కు రాసిన పాటలు ఆయనకు ఆస్కార్ నామినేషన్ తెచ్చాయి. సినిమా కోసం, పాత్రల కోసం రాసిన పాటలవి.