విలన్ లేని పదహారు గళ్లు

1929లో న్యూయార్క్‌లో ఒక డిటెక్టివ్ నవలల పోటీ ఫలితం తారుమారైంది. ఒక పత్రిక, ఒక ప్రచురణ సంస్థ కలిసి పెట్టిన పోటీ అది. బహుమతి 7,500 డాలర్లు. వరసకు సోదరులైన ఇద్దరు కుర్రాళ్లు ఎలరీ క్వీన్ అనే మారుపేరుతో నవల పంపారు. గెలిచింది మీరేనని వాళ్లకు లోపాయికారీగా కబురు కూడా అందింది. ఈలోగా పత్రిక దివాలా తీసి చేతులు మారింది. కొత్త యజమానులకు మహిళా పాఠకులు కావాలి. దాంతో బహుమతి పెన్సిల్వేనియా గృహిణి, ఇద్దరు పిల్లల తల్లి ఇసబెల్ బ్రిగ్స్ మైయర్స్ ఇంటికి చేరింది. నవల పేరు ‘మర్డర్ యెట్ టు కమ్’. ఓడిన ఎలరీ క్వీన్ ఆ తర్వాత డిటెక్టివ్ సాహిత్యంలో పెద్ద పేరయ్యాడు. గెలిచిన ఆవిడ నవలలు ఇప్పుడెవరూ చదవరు. ఆవిడ పేరు మాత్రం మైయర్స్-బ్రిగ్స్ అనే ప్రశ్నావళి మీద ప్రపంచమంతా తిరుగుతోంది.

ఇవాళ తెలివైన, చదువుకున్న, గుండె గడ్డకట్టిన విలన్‌ను సృష్టించాలనుకునే కొత్త రచయితలు చాలామంది నోట్‌బుక్‌లో మొదట రాసుకునేది ఆ ప్రశ్నావళి ఇచ్చే ఐఎన్‌టీజే అనే నాలుగక్షరాలు. అంతర్ముఖుడు, ఊహతో ముందుచూపు చూసేవాడు, తర్కంతో తూచేవాడు, పని ఒక కొలిక్కి తెచ్చేదాకా ఊరుకోనివాడు అని వాటికి లెక్క. హత్యల కథలు రాసిన మనిషి చేతిలోంచి వచ్చిన పద్ధతే కదా, విలన్లకు సరిగ్గా సరిపోతుందని ఎవరైనా అనుకుంటారు. జరిగింది దానికి నేరుగా వ్యతిరేకం.

కథ ఇసబెల్ తల్లి దగ్గర మొదలవుతుంది. కేథరిన్ బ్రిగ్స్ వాషింగ్టన్‌లో ఉండేది, భర్త భౌతిక శాస్త్రవేత్త. 1917లో కూతురు తాను పెళ్లాడబోయే క్లారెన్స్ మైయర్స్‌ను ఇంటికి తీసుకొచ్చింది. బుద్ధిమంతుడే, కానీ అతని ఆలోచన తీరు ఆ ఇంట్లో ఎవరి తీరుతోనూ కలవలేదు. మనుషులు ఇంత వేర్వేరుగా ఎందుకుంటారో తేల్చుకుందామని కేథరిన్ మహనీయుల జీవితచరిత్రలు ముందేసుకుని కూర్చుంది. ఆవిడకు కథలు రాయాలన్న కోరిక కూడా ఉండేది. ఆలోచనాపరులు, తోచినట్టు నడిచేవాళ్లు, కార్యదక్షులు, నలుగురితో కలిసేవాళ్లు అని మనుషుల్ని నాలుగు జాతులుగా విడదీసుకుంది. 1923లో మనోవైద్యుడు కార్ల్ యుంగ్ రాసిన ‘సైకలాజికల్ టైప్స్’ ఇంగ్లీషులో వచ్చింది. చదివాక తన నోట్సు తగలబెట్టేసి, యుంగ్‌కు శిష్యురాలైపోయింది. ఇంత ప్రయోగశాల అంటని శాస్త్రం అరుదు. అల్లుడి మీద కుతూహలం, జీవితచరిత్రలు, యుంగ్ పుస్తకం ఒకటి: పునాది అంతే.

ఇసబెల్ నవలల్లో నేరం పరిశోధించేవాడు పోలీసు అధికారి కాడు, పీటర్ జెర్నింగ్‌హామ్ అనే నాటక రచయిత. మనుషుల్ని పాత్రలుగా చూడటం వచ్చినవాడికే హంతకుడు దొరుకుతాడని ఆవిడ నమ్మకం కాబోలు. రెండో నవల 1934లో వచ్చింది. తమ రక్తంలో నల్లజాతి రక్తం కలిసిందని అనుమానం పుట్టిన ఒక దక్షిణాది తెల్ల కుటుంబంలో వరసగా చావులు, అదీ కథ. ఆ అనుమానం ప్రాణం తీసుకోదగినంత అవమానమేనన్నట్టు కథ నడుస్తుంది. మనుషుల తేడాలన్నీ గౌరవించాలని తర్వాత జీవితాంతం చెప్పిన మనిషి రాసిన పుస్తకమంటే నమ్మబుద్ధి కాదు. తర్వాత ఆవిడ నవలలు మానేసింది.

1942లో, యుద్ధకాలంలో, మనిషికి తగ్గ పని చూపించే పరీక్ష ఒకటుందని రీడర్స్ డైజెస్ట్‌లో చదివి, యుంగ్ సిద్ధాంతంతో తనే ఒక ప్రశ్నావళి తయారుచేయడానికి కూర్చుంది. మగవాళ్లు యుద్ధానికి వెళ్లారు, ఆడవాళ్లు పెద్ద ఎత్తున ఫ్యాక్టరీల్లోకి వస్తున్నారు. ఎవరిని ఎక్కడ పెట్టాలో తెలిస్తే మేలని ఆవిడ ఆలోచన. ఫిలడెల్ఫియాలో ఒక బ్యాంకు సిబ్బంది అధికారి దగ్గర గణాంకాల పని నేర్చుకుంది. యుంగ్ చెప్పిన మూడు జంటలకు తను నాలుగోది చేర్చింది. నాలుగు జంటలు, పదహారు గళ్లు.

ఆ పదహారింటిలో చెడ్డ గడి ఒక్కటీ లేదు. ఇది పొరపాటున జరిగింది కాదు, ఆవిడ పట్టుదల. ఏ ఫలితం వచ్చినా చదివినవాడు చిన్నబుచ్చుకోకూడదు. 1980లో, ఆవిడ పోయిన ఏడాదే వచ్చిన పుస్తకం పేరు ‘గిఫ్ట్స్ డిఫరింగ్’, ఒక్కొక్కరికి ఒక్కో వరం అన్న అర్థంలో. యుంగ్ ఆలోచనలో మనిషి వెనక ఒక నీడ ఉంటుంది, తనది కాదని మనిషి తోసేసినదంతా అందులో పోగుపడుతుంది. ప్రశ్నావళి ఆ నీడను కొలవదు. హత్యలు రాసిన చేత్తోనే హంతకుడికి చోటులేని పట్టిక గీసింది. ఉద్యోగాలిచ్చే కంపెనీలకు అది తెగ నచ్చడానికి సగం కారణం ఇదేనని నా అనుమానం. శాస్త్రంగా దాని బలం మరీ ఎక్కువేం కాదు. కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే చాలామందికి రకమే మారిపోతుంది. కల్పిత పాత్రకు ఆ చిక్కు లేదనుకోండి, జవాబులు రాసేది రచయితే.

అందుకే ఐఎన్‌టీజే అని రాసుకుని విలన్ వచ్చాడనుకునే రచయిత సగం దారిలో ఆగిపోతాడు. ఆ నాలుగక్షరాలు పాత్ర మాట తీరు ఇస్తాయి. గుంపులో ఎంతసేపు ఉండగలడో, ఏ చేతగానితనం చూస్తే విసుక్కుంటాడో, పథకం ఎన్ని నెలల ముందు వేస్తాడో చెబుతాయి. ఎందుకు చంపుతాడో చెప్పవు. అదే నాలుగక్షరాల మనిషి ఆనకట్టకు నమూనా గీస్తూ నిక్షేపంగా బతికేయగలడు.

మన లక్షణ గ్రంథాలకు ఈ ఇబ్బంది లేదు. ధీరోదాత్తుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు, ధీరోద్ధతుడు అని నాయకుల్ని విడదీసినప్పుడే బుద్ధినీ నడతనూ కలిపి చూశారు. పదో శతాబ్దపు ‘దశరూపకం’ ధీరోద్ధతుడికి గర్వం, అసూయ, మాయ, వంచన, ఆత్మస్తుతి అంటగడుతుంది. ఓరుగల్లులో ప్రతాపరుద్రుడి కొలువులో విద్యానాథుడు రాసిన అలంకార గ్రంథంలోనూ ఈ నాయక భేదాల చర్చ ఉంది. వేదాలు చదివి, వీణ మీటి, పరకాంతను ఎత్తుకొచ్చిన రావణుడు ధీరోద్ధతుడి గడిలో ఇట్టే ఇమిడిపోతాడు. ‘భూకైలాస్’లోనూ ‘సీతారామ కల్యాణం’లోనూ ఎన్టీఆర్ రావణుడిని చూసినవాళ్లకు చదువూ చెడూ ఒకే ఒంట్లో ఎలా కాపురం చేస్తాయో ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. గడిలో పడ్డవాడు ఇక మారడన్నదొక్కటే ఈ పద్ధతిలో నాకు కనిపించే చిక్కు.

చీకటిని కొలిచే పని పడమట మరో దారిన మొదలైంది, అదీ నాటకశాల మీదుగానే. ఇటలీ రాజనీతిజ్ఞుడు మాకియవెల్లీ రాసిన ‘ద ప్రిన్స్’ 1532లో అచ్చయింది. ఆ శతాబ్దం ముగియకముందే లండన్ రంగస్థలం మీద ఆయన పేరు కుట్రదారుకు మారుపేరైంది. మార్లో నాటకం ‘ద జ్యూ ఆఫ్ మాల్టా’లో తెర లేవగానే ముందుమాట చెప్పేది మాకియవెల్లీ దయ్యమే. నాలుగు వందల ఏళ్లకు, 1950లలో, రిచర్డ్ క్రిస్టీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడికి ఒక ఆలోచన వచ్చింది. మాకియవెల్లీ పుస్తకాల్లోని మాటలను వాక్యాలుగా మలిచి జనం ముందు పెట్టి, ఒప్పుకుంటారా లేదా అని అడిగితే? చాలా వాక్యాలు వడపోశాక ఇరవై మిగిలాయి. ఫ్లోరెన్స్ గైస్‌తో కలిసి 1970లో పుస్తకం వేశాడు.

వాళ్ల ప్రయోగాల్లో నాకు బాగా నచ్చింది పది డాలర్ల ఆట. ముగ్గురిని కూర్చోబెట్టి బల్ల మీద పది నోట్లు పెడతారు. ఏ ఇద్దరు పంపకానికి ఒప్పుకుంటే డబ్బు వాళ్లది, మూడోవాడికి సున్నా. ఆ ఇరవై వాక్యాలకు ఎక్కువగా తలూపినవాళ్లు ఒప్పందం బయట దాదాపు మిగలలేదు, ఎక్కువ సొమ్ము వాళ్లదే. ఎదుటివాడి ముఖం చూసి జాలిపడే పని వాళ్లు పెట్టుకోలేదు. ఇంకో సంగతి కూడా క్రిస్టీ గమనించాడు: ఈ గుణానికీ తెలివితేటల కొలతకూ సంబంధం కనబడలేదు. మోసగాళ్లందరూ మేధావులు కారు. అంటే మేధావి విలన్‌ను కట్టే రచయిత రెండు మరలు విడివిడిగా తిప్పాలి, ఒకటి బుద్ధికి, ఒకటి నీతికి. సరిగ్గా ఇదే పని 1970లలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట చేసింది. మొదట క్రమం, అరాచకం అనే గీత ఒక్కటే పెట్టి, తర్వాత మంచి చెడులను అడ్డంగా చేర్చి తొమ్మిది గళ్లు చేసింది. నియమం తప్పని దుర్మార్గుడికి అందులో సొంత గడి ఉంది. నిజమనుషుల పరీక్షల కన్నా ఆ ఆటే ఈ విషయంలో నిజాయితీగా ఉందనిపిస్తుంది.

2002లో కెనడాలో డెల్రాయ్ పాల్హస్, కెవిన్ విలియమ్స్ ఆ మాకియవెల్లీ గుణం పక్కన ఆత్మమోహాన్నీ సైకోపతీనీ చేర్చి మూడింటినీ ఒక జట్టు చేశారు. ఆ జట్టుకు పెట్టిన డార్క్ ట్రయాడ్ అనే పేరు రచయితలకు ఎంతగా అతుక్కుపోయిందంటే, ఇప్పుడు పాత్ర తయారీ పాఠాల్లో అది లేనిది గడవదు.

ఈ మనస్తత్వ పరీక్షలన్నిటికీ ముందే ఒకడు గళ్ల పనిని పాత్ర చేతికే ఇచ్చేశాడు. 1866లో రష్యన్ నవలా రచయిత దోస్తొయెవ్‌స్కీ సృష్టించిన రస్కోల్నికోవ్ మనుషుల్ని మామూలువాళ్లు, అసాధారణులు అని రెండు జాతులు చేసి, దాని మీద వ్యాసం రాసి, తను రెండో గడిలోవాడినని రుజువు చేసుకోవడానికి గొడ్డలి పట్టాడు. థామస్ హారిస్ నవలల్లోని హంతకుడు డాక్టర్ లెక్టర్ కూడా ఆ వంశమే. ‘ద సైలెన్స్ ఆఫ్ ద ల్యాంబ్స్’లో ఎఫ్‌బీఐ శిక్షణార్థి క్లారిస్ అతన్ని బంధించిన మానసిక చికిత్సాలయానికి ప్రశ్నావళి పట్టుకెళితే దాన్ని వెక్కిరించి, ఆమె సంచీ, చెప్పులు చూసి ఆమె పుట్టుపూర్వోత్తరాలు తనే చదివేస్తాడు.

లెక్టర్ ఎక్కడినుంచి వచ్చాడో హారిస్ చాలా ఏళ్లు చెప్పలేదు. ఆ నవల 25 ఏళ్ల ముద్రణకు 2013లో రాసిన ముందుమాటలో బయటపెట్టాడు. పత్రికా విలేకరిగా ఉన్న కుర్రతనంలో ఒక ఖైదీని కలవడానికి మెక్సికోలో జైలుకు వెళ్లాడు. ఆ ఖైదీకి వైద్యం చేసిన డాక్టరుతో మాట్లాడాలనుకున్నాడు. ఆ డాక్టరు నాజూకైన మనిషి, మర్యాదస్తుడు. హారిస్ అడగడానికి వెళితే ఆయనే ఎదురు ప్రశ్నలు మొదలుపెట్టాడు. వికృతమైన ఆ ఖైదీ ముఖం చూస్తే మీకేమనిపించింది, అతని చేతిలో చనిపోయినవాళ్లు చూడటానికి ఎలా ఉండేవాళ్లు అని ఒక్కో సంగతి రాబట్టాడు. ఈయన ఎన్నాళ్లుగా ఇక్కడ పనిచేస్తున్నాడని బయటికొచ్చాక హారిస్ జైలు అధికారిని అడిగాడు. ఆయన ఉద్యోగి కాదని, హత్య చేసి శిక్ష అనుభవిస్తున్న ఖైదీ అని జవాబు వచ్చింది.