నల్ల ఖిమార్ నుంచి పతంగుల దాకా

మా భాంజా ఒకడు రెండేళ్ల కింద బుర్ఖాల దుకాణం పెట్టుకున్నాడు. ఆ గల్లీలో అప్పటికే ఆరు దుకాణాలున్నాయి. అన్నిట్లో అదే మాల్, అవే ధరలు, బయట వేలాడదీసిన అవే నల్ల బుర్ఖాలు. మొన్న జుమా నమాజ్ అయినంక వాడు ఫోన్ తీసి నాకొకటి చూపించాడు. కొంత పైసా ఇస్తే చాలట, వంద మంది పేర్లతో దుకాణం గురించి తారీఫ్ రాసి, ఐదేసి స్టార్లు పెట్టే మనుషులున్నారట. "అందరూ చేస్తున్నారు మామూ. నేనొక్కణ్నే చెయ్యకపోతే నా దుకాణం ఎవరికి కనబడుతది?" అన్నాడు.

వాడి పరేషానీ అబద్ధం కాదు. కిరాయి కట్టాలి, ఇల్లు గడవాలి. అప్పటికప్పుడు ఏం చెప్పాలో తోచలేదు. ఇంటికొచ్చినంక ఒక పాత వాకియా యాదికొచ్చింది. అది కూడా నల్ల బట్ట అమ్ముడుపోని ఒక తాజిర్ కథే.

పదో శతాబ్దంలో అబుల్ ఫరజ్ ఇస్ఫహానీ కూర్చిన 'కితాబుల్ అగానీ'లో ఆ కథ ఉంది. ఉమయ్యా ఖలీఫాల జమానా. కూఫా నుంచి ఒక వ్యాపారి ఆడవాళ్లు తలకు కప్పుకునే ఖిమార్లు తీసుకుని మదీనా వచ్చాడు. రంగురంగులవన్నీ అమ్ముడుపోయాయి, నల్లవి మాత్రం మూటలోనే మిగిలిపోయాయి. అతనికి దారిమీ అనే షాయర్ దోస్తు. దారిమీ అప్పటికి షాయరీ వదిలేసి, మస్జిద్ పట్టుకుని ఇబాదత్‌లో పడ్డాడు. దోస్తు వచ్చి మొర పెట్టుకుంటే కాదనలేకపోయాడు. నల్ల ఖిమార్ వేసుకున్న ఒక అందగత్తె, నమాజుకు పోతున్న ఒక ఆబిద్ మనసు ఎట్లా చెదరగొట్టిందో చెబుతూ నాలుగు మాటలు అల్లాడు. వాటికి బాణీ కట్టి పాడారు. పాట ఊరంతా పాకింది. దారిమీ జుహ్ద్ వదిలేశాడని జనం గుసగుసలాడారు. మదీనాలో షోకు తెలిసిన ప్రతి ఆడమనిషీ నల్ల ఖిమార్ కావాలన్నది. మూట ఖాళీ అయింది. దారిమీ తిరిగి తన మస్జిద్‌కు వెళ్లిపోయాడు.

దీన్ని అరబ్బుల మొదటి ఇష్తెహార్ అని సరదాగా చెప్పుకునేవాళ్లున్నారు. నాకు మాత్రం ఇంకో సంగతి కనబడుతుంది. దారిమీ బట్ట గురించి ఒక్క అబద్ధం చెప్పలేదు. ఇది చినగదు, ఇది మాయదు అనలేదు. పక్కవాడి మాల్ ఖరాబని అనలేదు. ఎవరూ చూడని దానివైపు జనం చూసేటట్టు చేశాడంతే. అందుకు పణంగా పెట్టింది కూడా తన సొంత నేక్‌నామీనే.

ఇట్లాంటి ఉపాయం మన తెలుగువాళ్లలోనూ ఒకాయన పన్నాడు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టాడు. తలనొప్పికి మందులమ్మేవాళ్లు ఆ మహానగరంలో తక్కువేం లేరు. పరాయి ఊరి నుంచి వచ్చిన మనిషిని ఎవరు నమ్మాలి? ఆయన సంగీత కచేరీలు జరిగే చోటికి పోయి, మందును ఊరికే పంచిపెట్టాడు. ఆలోచిస్తే ఎంత అఖల్‌మందీ! గంటల తరబడి కూర్చునే సభ. నుదుటికి రాసుకుంటే నిమిషంలో గుణం తెలిసే మందు. ఒకాయన రాసుకుంటే పక్క నలుగురికి వాసన తగుల్తుంది, అదేంటని అడుగుతారు. మందు తన గవాహీ తనే చెప్పుకుంటుంది. అందులో బరకత్ ఎంత వచ్చిందంటే, ఆ సంపాదనతోనే ఆయన 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చాడు. 1914లో మద్రాసు నుంచి దాన్ని దినపత్రిక చేశాడు.

ఇక మన ఇండ్లకు దగ్గరి కథ. 1920లో హైదరాబాద్‌లో హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ 'జిందా తిలిస్మాత్' అనే యూనానీ దవా తయారుచేశారు. 1918 నాటి ఇన్‌ఫ్లూయెంజా ముల్కంతటా లక్షల ప్రాణాలు తీసిపోయి అప్పటికి రెండేళ్లే. జుకామ్ వచ్చినా జనం భయపడే రోజులు. హకీములు, వైద్యులు, సంచి భుజానేసుకుని మందులమ్మేవాళ్లు, అఖ్బార్లలో ఇష్తెహార్లిచ్చి పోస్టులో సీసాలు పంపే కంపెనీలు, అందరూ బజార్లోనే ఉన్నారు. ఆ భీడ్‌లో ఇంకో చిన్న సీసా ఎవరికి ఆనుతుంది?

హకీం సాబ్ సీసా మీద ఒక సిద్దీ సిపాయి బొమ్మ వేయించారు. నిజాం ఫౌజులో ఆఫ్రికా మూలాలున్న సిద్దీల అశ్వదళం ఉండేది. వాళ్లున్న చోటునే ఈనాటికీ ఏసీ గార్డ్స్ అంటున్నాం, అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. తాఖత్ అంటే ఆ సిపాయే అన్నట్టు హైదరాబాదీలు వాళ్లను చూసేవాళ్లు. అప్పుడు వందమందిలో పదిమందికి కూడా చదువు రాదు. సర్కారు జబాన్ ఉర్దూ, జనం నోట తెలుగు, మరాఠీ, కన్నడ. ఏ లిపిలో రాసినా సగానికి పైగా జనానికి అందదు. బొమ్మకు లిపితో పనిలేదు. "నల్ల సిపాయి దవా ఇవ్వు" అంటే దుకాణదారుకు తెలిసిపోతుంది.

రెండో ఉపాయం పతంగులు. దవా పేరున్న పతంగులతో ఆ రోజుల్లో మషూర్ చేశారని హైదరాబాద్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. సంక్రాంతి దినాల్లో మన షహర్ ఆసమాన్ సంగతి మీకు తెలియంది కాదు. హిందూ ముసల్మాన్ తేడా లేకుండా ప్రతి మిద్దె మీదా చర్ఖా, మాంజా. గోడ మీది రాతను తలొంచుకుని దాటిపోవచ్చు, పతంగును మాత్రం తల ఎత్తి చూడాల్సిందే. పేచ్‌లో తెగిందనుకోండి, పిల్లలు దాని వెంట ఉరికి, లూటీ చేసి, దాన్ని తమ ఇంటికే తీసుకుపోతారు. ఓడిపోయిన పతంగు కూడా దవా పేరును ఇంకో ఇంటికి మోసుకుపోయిందన్నమాట!

అయితే నూరేళ్లు నిలబెట్టింది పతంగులు కావు. పతంగు ఒక్కసారి కొనిపిస్తుంది. రెండోసారి కొనిపించేది సీసాలో ఉన్నదే. పేరుకు అర్థం 'బతికున్న జాదూ'. లోపల ఉన్నది నీలగిరి తైలం, కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు లాంటివి. జాదూ పేరులోనే. ముక్కు మూసుకుపోయినప్పుడు వేడినీళ్లలో నాలుగు చుక్కలేసి ఆవిరి పడితే హాయనిపించింది కాబట్టే మన దాదీమాలు, నానీమాలు దాన్ని తాఖ్‌లో పెట్టుకున్నారు. పెద్ద బీమారీకి డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే, షిఫా ఇచ్చేది అల్లాహ్. మందుల పేరుతో జాదూ మాటలు చెప్పి జనాన్ని మోసం చెయ్యకుండా మన ముల్క్‌లో 1954లోనే ఒక ఖానూన్ వచ్చింది. కొన్ని జబ్బులు నయం చేస్తామని ఇష్తెహార్ ఇవ్వడమే దాని ప్రకారం జుర్మ్.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఆ సిపాయి బొమ్మ ఇంటింటికీ తెలుసు. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత నిజాం ఫౌజు చెదిరిపోయి, ఆ సిద్దీల ఔలాద్ ఎట్లా బతుకుతున్నదో మనలో ఎంతమందికి తెలుసు? మన షాదీల్లో మోగే మర్ఫాలో వాళ్ల చేతుల తాళం ఉంది. సీసా చేతిలోకి తీసుకున్నప్పుడు వాళ్లనూ ఒకసారి యాద్ చేసుకోవడం మన ఫర్జ్ అనుకుంటాను.

ఇప్పుడు భాంజా సవాల్‌కు వస్తాను. మదీనా బజార్లో ఒకసారి రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం ధాన్యం రాశిలో చెయ్యి పెట్టి చూశారు. పైన పొడి, లోపల తడి. వాన పడిందని అమ్మేవాడు చెప్పాడు. మరి ఆ తడిసింది జనానికి కనబడేటట్టు పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు, దగా చేసేవాడు మనవాడు కాడన్నారు. 'నజష్'ను కూడా మనా చేశారు. నజష్ అంటే కొనే ఇరాదా లేకుండానే వేలంలో నిలబడి ధర పెంచడం, ఉత్తుత్తి గిరాకీ చూపించడం. పైసలిచ్చి రాయించుకునే వంద తారీఫులు అదే నజష్ కాకపోతే మరేమిటి? కొనని మనిషి కొన్నట్టు, వాడని మనిషి వాడినట్టు గవాహీ చెబుతున్నాడు కదా.

దారిమీ పాట, కచేరీలో పంచిన అంజనం, తెగిపడిన పతంగు, వీటిలో ఏదీ మామూలు దారి కాదు. కానీ ఏదీ తడి ధాన్యం మీద పొడి ధాన్యం కప్పలేదు. చూడమన్నాయి, వాసన చూడమన్నాయి. ఫైసలా కొనేవాళ్లకే వదిలేశాయి. భీడ్‌లో కనబడాలంటే కొత్త ఉపాయం పన్నడం జాయజే. దగా అయితే కొత్తదైనా పాతదైనా దగాయే.

ఇదంతా వాడికి చెప్పాను. ఊఁ కొట్టి వెళ్లిపోయాడు. పది రోజులకు ఆ గల్లీలోంచి పోతుంటే వాడి దుకాణం ముందు ఒక అట్టముక్క వేలాడుతున్నది. ఏ దుకాణంలో కొన్న బుర్ఖా అయినా సరే, కుట్టు ఊడితే ఇక్కడ ఉచితంగా కుట్టిస్తామని తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి ఉంది. గిరాకీ పెరిగిందా అని అడిగితే నవ్వాడు. "ఇంకా లేదు మామూ. నిన్న ఒక ఖాలా పక్క దుకాణంలో కొన్న బుర్ఖా తెచ్చి కుట్టించుకుపోయింది. పోతూ పోతూ దుకాణం పేరు అడిగింది" అన్నాడు.