పైలట్ సెలక్షన్ టెస్ట్: మధురపూడిలో ల్యాండ్ అవ్వాలంటే మహబూబాబాద్ దగ్గరే దిగడం మొదలెట్టాలి.. ఈ లెక్క మీకు వచ్చా?

ముంబై నుంచి రాజమండ్రి వస్తున్న ఎయిర్‌బస్ విమానం 35 వేల అడుగుల ఎత్తులో ఉంది. పైలట్ ఎక్కడ దిగడం మొదలుపెట్టాలి? కింద గోదావరి కనిపించాకా? అప్పటికి చాలా ఆలస్యమైపోయినట్టే. మ్యాప్ మీద నేరుగా గీత గీసి లెక్కేస్తే, దాదాపు మహబూబాబాద్ దాపుల్లో, అంటే 200 కిలోమీటర్ల ముందే ఎత్తు తగ్గించడం మొదలవ్వాలి. ఎయిర్‌లైన్ పైలట్ సెలక్షన్ టెస్టుల్లో అభ్యర్థులను తికమక పెట్టే ప్రశ్నల్లో ఇదొకటి. క్యాలిక్యులేటర్ ఉండదు, టైమర్ మాత్రం పరిగెడుతూ ఉంటుంది.

రాజమండ్రి ఎయిర్‌పోర్టు అని అంతా పిలుస్తారు గానీ, రన్‌వే ఉన్నది కోరుకొండ మండలం మధురపూడిలో. ఒకప్పుడు 1,749 మీటర్లున్న రన్‌వేను 3,165 మీటర్లకు పెంచారు. చాలాకాలం చిన్న ఏటీఆర్ విమానాలే కనిపించిన చోటికి 2024 డిసెంబర్‌లో ముంబై, ఢిల్లీ నుంచి ఇండిగో ఎయిర్‌బస్ సర్వీసులు కూడా మొదలయ్యాయి. ఇంటర్ అయిపోయిన పిల్లలు "పైలట్ అవ్వాలంటే ఏం చదవాలి" అని అడిగితే ఇంట్లోవాళ్లకు ముందు గుర్తొచ్చేది ఫీజు. కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కు లక్షల్లో, ఎయిర్‌లైన్ క్యాడెట్ ప్రోగ్రామ్‌కైతే కోటి రూపాయలకు అటూఇటూ అవుతుంది. మరి అంత డబ్బు కట్టే ముందు దాటాల్సిన గేటు సెలక్షన్ టెస్ట్. అందులో వచ్చే డిసెంట్ లెక్కలు నిజానికి హైస్కూల్ లెక్కలే. కాకపోతే వాటిని చెయ్యాల్సిన తీరే వేరు.

మూడు డిగ్రీల వాలు అంటే ఏంటి?

ప్రయాణికుల విమానాలు రన్‌వే వైపు సాధారణంగా 3 డిగ్రీల వాలులో దిగుతాయి. ఇది ఎంత తక్కువ వాలంటే, 100 మీటర్లు ముందుకెళ్తే దిగేది 5 మీటర్ల పైచిలుకు మాత్రమే. కోరుకొండ లక్ష్మీనరసింహస్వామి కొండ మెట్లు దిగినవాళ్లకు ఇది అసలు వాలులా కూడా అనిపించదు. కానీ గంటకు వందల కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు ఆ కాస్త వాలే నిమిషానికి వందల అడుగులవుతుంది.

విమానయానంలో దూరాన్ని నాటికల్ మైళ్లలో కొలుస్తారు. ఒక నాటికల్ మైలు 1,852 మీటర్లు, అంటే సుమారు 6,076 అడుగులు. గంటకు ఒక నాటికల్ మైలు వేగాన్ని ఒక నాట్ అంటారు. ఇక్కడ పైలట్లు వాడే పాత చిట్కా ఒకటుంది, దాని పేరు 'వన్ ఇన్ సిక్స్‌టీ'. 60 మైళ్ల దూరంలో 1 డిగ్రీ తేడా ఉంటే అది దాదాపు 1 మైలు అవుతుంది. 60 మైళ్లకు సుమారు 6,000 అడుగులంటే, మైలుకు 100 అడుగులు. అది 1 డిగ్రీకి. 3 డిగ్రీలకు మైలుకు 300 అడుగులు. ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగతా ఫార్ములాలు బట్టీ పట్టక్కర్లేదు, అన్నీ ఇందులోంచే పుడతాయి.

ఉదాహరణకు, మైలుకు 300 అడుగులు తగ్గాలి కాబట్టి వెయ్యి అడుగులు తగ్గడానికి 3 మైళ్లకు కాస్త పైన కావాలి. దీన్నే కుదించి 'వెయ్యికి మూడు' అంటారు. ఇప్పుడు మన ముంబై విమానానికి వద్దాం. రన్‌వేకు 10 మైళ్ల ముందు 2,000 అడుగులకు చేరి, అక్కడ వేగం తగ్గించుకోవాలి అనుకుందాం. 35,000 నుంచి 2,000 తీసేస్తే 33,000. 33 ఇంటూ 3 కలిపితే 99 మైళ్లు. దానికి ఆ 10 మైళ్లు కలిపితే 109. కిలోమీటర్లలో దాదాపు 202. అందుకే మహబూబాబాద్. అదే హైదరాబాద్ నుంచి 17 వేల అడుగుల్లో వచ్చే ఏటీఆర్ అయితే తగ్గాల్సింది 15 వేలే కాబట్టి 45 ప్లస్ 10, మొత్తం 55 మైళ్లు. అంటే సత్తుపల్లి పరిసరాలు. నిజం విమానంలో ఏటీసీ ఆదేశాలు, రూట్, గాలి, విమానం బరువును బట్టి ఇది మారుతుంది. టెస్టులో మాత్రం ఇచ్చిన అంకెలతోనే లెక్క.

ఇక్కడే చాలామంది బోల్తా పడేది

దూరం తేలింది, ఇక నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో చూడాలి. దీనికి అందరూ చెప్పే చిట్కా, గ్రౌండ్‌స్పీడ్‌ను 5తో గుణించడం. 360 నాట్లైతే 1,800 అడుగులు. సింపుల్. అయితే పై ఉదాహరణను చిట్కా లేకుండా చేసి చూడండి. 360 నాట్లంటే నిమిషానికి 6 మైళ్లు. 99 మైళ్లకు పదహారున్నర నిమిషాలు. 33,000ను పదహారున్నరతో భాగిస్తే సరిగ్గా 2,000.

1,800 కరెక్టా, 2,000 కరెక్టా? ఇచ్చిన దూరంలో అంత ఎత్తు తగ్గాలంటే 2,000 కావాల్సిందే. తేడా ఎందుకొచ్చిందంటే, రెండు చిట్కాలూ ఒకే వాలును చెప్పవు. 'వెయ్యికి మూడు' ప్రకారం మైలుకు 333 అడుగులు, 'ఐదుతో గుణించు' ప్రకారం మైలుకు 300. అసలు 3 డిగ్రీల వాలు ఈ రెండింటి మధ్యలో, మైలుకు 318 అడుగుల దగ్గర ఉంటుంది. రెండు జవాబులూ ఆప్షన్లలో పక్కపక్కనే ఉంటే, చిట్కా మాత్రమే తెలిసినవాళ్లు కళ్లు మూసుకుని 1,800 టిక్ చేస్తారు. ప్రశ్నలో దూరం, ఎత్తు, వేగం మూడూ ఇస్తే భాగహారమే చెయ్యాలి. '3 డిగ్రీల వాలు' అని ఇచ్చి వేగం మాత్రమే చెబితే అప్పుడు చిట్కా.

ఇంకో ఉచ్చు గాలి. లెక్కకు కావాల్సింది గ్రౌండ్‌స్పీడ్, అంటే నేల మీద లెక్కేసిన వేగం. గాలిలో 140 నాట్లతో దిగుతున్న విమానానికి ఎదురుగాలి 20 ఉంటే గ్రౌండ్‌స్పీడ్ 120, దిగాల్సింది నిమిషానికి 600 అడుగులు. అదే వెనకగాలి 20 ఉంటే 160 నాట్లు, 800 అడుగులు. విమానం అదే, రన్‌వే అదే, తేడా 200 అడుగులు.

రన్‌వేకు దగ్గరపడ్డాక నిమిషానికి 1,000 అడుగులు మించి దిగకూడదనేది స్టెబిలైజ్డ్ అప్రోచ్ ప్రమాణాల్లో ఒకటి. మించితే దిగే ప్రయత్నం ఆపి మళ్లీ పైకి లేవాలి. దీన్ని 'గో అరౌండ్' అంటారు. ఇది కాగితం మీది రూల్ కాదు. 2010 మే 22న దుబాయ్ నుంచి మంగళూరు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం ఉండాల్సిన ఎత్తు కంటే చాలా పైన ఉండిపోయింది. వాలును అందుకోవడానికి ఒక దశలో నిమిషానికి దాదాపు 4,000 అడుగుల వేగంతో దిగిందని విచారణలో తేలింది. కో-పైలట్ 'గో అరౌండ్' అని చెప్పినా కెప్టెన్ దిగడానికే మొగ్గారు. 8,033 అడుగుల రన్‌వేలో సుమారు 5,200 అడుగులు దాటాక గానీ చక్రాలు నేలను తాకలేదు. కొండ మీది టేబుల్‌టాప్ రన్‌వే కావడంతో విమానం చివర దాటి లోయలోకి పోయింది. 166 మందిలో 158 మంది చనిపోయారు. ఆలస్యంగా దిగడం మొదలుపెడితే ఆ బాకీ చివర్లో ఎలా తీర్చాల్సి వస్తుందో చెప్పడానికి పైలట్ శిక్షణలో ఇప్పటికీ ప్రస్తావనకు వచ్చే ప్రమాదమిది.

టెస్టులో చూసేది లెక్క ఒక్కటే కాదు

కంపాస్, అడాప్ట్, కట్-ఈ లాంటి పేర్లతో ప్రపంచవ్యాప్తంగా ఎయిర్‌లైన్లు, ఫ్లయింగ్ స్కూళ్లు వాడే పరీక్షలు ఉన్నాయి. స్వరూపం కొద్దిగా మారినా సారాంశం దగ్గరదగ్గరే. జాయ్‌స్టిక్‌తో కదిలే గుర్తును మధ్యలో నిలబెట్టాలి. హెడ్‌ఫోన్లో వినిపించే అంకెలను గుర్తుపెట్టుకోవాలి. మీటర్లు చూసి విమానం ఎటు తిరిగి ఉందో చెప్పాలి. ఈ హడావుడి మధ్యలో స్క్రీన్ మీదకు ఓ లెక్క వస్తుంది. తీరిగ్గా కూర్చుంటే నూటికి నూరు తెచ్చుకునేవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. చెయ్యి, చెవి, కన్ను బిజీగా ఉన్నప్పుడు కూడా బుర్ర పనిచేస్తుందా అన్నదే వాళ్లు చూస్తారు.

అందుకే పుస్తకం ముందేసుకుని చేసే ప్రాక్టీస్ సగమే. 60తో భాగహారం నోటికి రావాలి. 120 నాట్లంటే నిమిషానికి 2 మైళ్లు, 240 అంటే 4, 420 అంటే 7. ఇది ఆలోచించకుండా వస్తే టైమ్ సగం మిగులుతుంది. గోకవరం-రాజమండ్రి బస్సులో కూర్చుని కూడా చెయ్యొచ్చు. బస్సు 45 కిలోమీటర్ల వేగంతో పోతోంది, ఇంకా 15 కిలోమీటర్లుంది, ఎన్ని నిమిషాలు? 20 అని టక్కున రావాలి, అదీ పక్కసీటు ఆయన ఫోన్లో గట్టిగా మాట్లాడుతుండగా. ఇంట్లో అయితే ఒక చేత్తో బంతి ఎగరేస్తూ, ఎవరైనా లెక్క చదువుతుంటే 20 సెకన్లలో జవాబు చెప్పే పద్ధతి బాగా పనిచేస్తుంది. చూసేవాళ్లకు నవ్వులాటే, కానీ అసలు టెస్ట్ దాదాపు అలాగే ఉంటుంది.

లైసెన్స్ దారిలోనూ ఈ లెక్కలు వెంటాడతాయి. డీజీసీఏ నిర్వహించే ఎయిర్ నావిగేషన్ పేపర్‌లో పాసవ్వాలంటే 70 శాతం మార్కులు రావాలి. దాంతోపాటు మెటీరియాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లు, 200 గంటల ఫ్లయింగ్, 18 ఏళ్ల వయసు ఉంటేనే కమర్షియల్ లైసెన్స్. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ లేనివాళ్లు ఓపెన్ స్కూలింగ్ ద్వారా ఆ సబ్జెక్టులు రాసుకుంటూ వస్తున్నారు.

ఫీజు కట్టే ముందు చెయ్యాల్సిన పని మరొకటుంది, అది మెడికల్. ముందు క్లాస్-2, తర్వాత క్లాస్-1. కళ్లజోడు ఉన్నంత మాత్రాన కంగారు అక్కర్లేదు, జోడుతో చూపు సరిపోతే చాలు. రంగులు గుర్తించడంలో లోపముంటే మాత్రం ఇబ్బందే. పొలం అమ్మి తొలి వాయిదా కట్టాక ఈ సంగతి బయటపడితే ఆ డబ్బు వెనక్కి రావడం కష్టం. అందుకే మెడికల్, తర్వాత యాప్టిట్యూడ్ టెస్ట్, ఆ తర్వాతే ఫీజు అనే వరుస పాటించాలి. యూపీలోని ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వ ఆధ్వర్యంలో నడిచే ఇగ్రువాలో కూడా సీటు ఎంట్రన్స్ పరీక్ష ద్వారానే.

అన్నట్టు, కోరుకొండ పేరు చెప్పగానే చాలామంది సైనిక్ స్కూల్ అంటారు. 1962లో మొదలైన ఆ స్కూల్ ఉన్నది విజయనగరం జిల్లా కోరుకొండలో, ఇది వేరే ఊరు. ఎయిర్‌ఫోర్స్ వైపు చూసేవాళ్లకు టెస్ట్ కూడా వేరు. దాని పేరు సీపీఎస్ఎస్, కంప్యూటర్ మీద జరిగే పైలట్ ఎంపిక పరీక్ష. ఎయిర్‌లైన్ టెస్టులో ఫెయిలైతే కొంత గడువు తర్వాత మళ్లీ ప్రయత్నించే వీలు చాలాచోట్ల ఉంటుంది. సీపీఎస్ఎస్ మాత్రం జీవితంలో ఒక్కసారే. అందులో తప్పితే ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్ బ్రాంచ్‌కు మళ్లీ అవకాశం ఉండదు.