తెలియని హక్కుకు విడుదల పత్రం

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేల ఊళ్ళలో ఆడపిల్లకు పసుపు కుంకుమల కింద ఎకరమో రెండెకరాలో ఇచ్చి, పుట్టింటి ఆస్తిలో ఇక హక్కు లేదని విడుదల పత్రం రాయించుకోవడం ఉన్నదే. అటువంటి పత్రాలలోని "ఇప్పుడు గాని, ఇకముందు గాని" అన్న మాట దగ్గరే నేను ఆగిపోతాను. ఇంకా పుట్టని హక్కును వదులుకోగలమా?

1956 నాటి హిందూ వారసత్వ చట్టం తండ్రి వాటాలో కూతురికి భాగమిచ్చిందే గాని, ఉమ్మడి ఆస్తిలో కొడుకులా పుట్టుకతో హక్కునివ్వలేదు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అదీ ఇచ్చింది, అప్పటికే పెళ్ళయినవారికి తప్ప. వారికి 2005 నాటి కేంద్ర సవరణ దాకా ఆగవలసి వచ్చింది. అంటే 1970లలో వేలిముద్ర వేసిన ఆడపడుచు అప్పటికి ఏ చట్టంలోనూ లేనిదాన్ని వదులుకుందన్నమాట!

వారసత్వపు ఆశ మాత్రమే ఉన్న ఆస్తిని బదిలీ చేయడం చెల్లదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 6వ సెక్షను చెబుతుంది. అయితే ప్రతిఫలం పుచ్చుకుని వదులుకున్నవారు తర్వాత అడ్డం తిరగరాదని సుప్రీంకోర్టు గులాం అబ్బాస్ కేసులో అన్నది. అది ఒక ముస్లిం కుటుంబపు తగాదా. ఆ సూత్రాన్ని ఇక్కడ పట్టుకుంటే పసుపు కుంకుమల ఎకరమే ఆమె నోటికి తాళమవుతుంది.

నాకిది మింగుడు పడదు. తండ్రి తర్వాత వాటా వస్తుందని తెలిసి వదులుకోవడం వేరు. శాసనసభ ముప్పై ఏళ్ళ తర్వాత ఏమి చేస్తుందో ఆ పత్రం రాసిన దస్తావేజు లేఖరికే తెలియదు.

బ్రిటిష్ ప్రభువుల సభ 1870లో బ్లాక్‌మోర్ కేసులో, విడుదల పత్రంలోని సాధారణ పదాలు రాసేనాడు ఇరువురి మనసులో ఉన్నవాటికే వర్తిస్తాయన్నది. పుట్టింటి వాకిట్లో, అన్నదమ్ముల ఎదుట వేలు ముంచిన మనిషి మనసులో ఆనాడు ఏమున్నదో ఏ రిజిస్ట్రారు అడిగాడు?