హిల్ ఫోర్ట్ ప్యాలెస్ : వారసత్వ హోటల్ పునరుద్ధరణ
(నేపథ్య వ్యాసం)

హైదరాబాదు నగరంలో శాసనసభ భవనానికి చేరువన, నౌబత్ పహాడ్ వాలుపై గల హిల్ ఫోర్ట్ ప్యాలెస్ నగరవాసులకు ‘రిట్జ్ హోటల్’గా సుపరిచితం. దీర్ఘకాలం నిరుపయోగంగా ఉండి శిథిలావస్థకు చేరిన ఈ కట్టడాన్ని బొటిక్ హోటల్‌గా తీర్చిదిద్దాలన్న ప్రతిపాదన పలుమార్లు చర్చకు వచ్చింది.

చరిత్ర

హైదరాబాదు సంస్థానపు న్యాయమూర్తి, కవి సర్ నిజామత్ జంగ్ 1915లో ఈ భవనాన్ని నిర్మించారు. తాను విద్యాభ్యాసం చేసిన కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాల వాస్తురీతి ఆయనకు స్ఫూర్తినిచ్చింది. అనంతర కాలంలో ఏడవ నిజాం ద్వితీయ కుమారుడు, నగరాభివృద్ధి మండలి అధ్యక్షుడు మొఅజ్జం జా ఇందులో నివసించారు. 1950ల దశకంలో లీజుపై ప్రారంభమైన రిట్జ్ హోటల్ 1990ల దశకం చివరలో మూతపడింది. భవన పరిరక్షణ విషయం పిమ్మట ప్రజా ప్రయోజన వ్యాజ్యం రూపంలో హైకోర్టు ముందుకు వచ్చింది.

వర్గీకరణ నిబంధనలు

కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ మార్గదర్శకాల ప్రకారం వారసత్వ హోటళ్లు మూడు తరగతులు. 1950కి పూర్వపు కట్టడాలు ‘హెరిటేజ్’ తరగతికి, 1935కి పూర్వపువి ‘హెరిటేజ్ క్లాసిక్’, ‘హెరిటేజ్ గ్రాండ్’ తరగతులకు అర్హములు. ముఖభాగపు రూపురేఖలను మార్చరాదన్నది ముఖ్య నియమం. నిర్మాణ సంవత్సరం దృష్ట్యా హిల్ ఫోర్ట్ ప్యాలెస్ పై రెండు తరగతులకూ పరిశీలనార్హం.

సాంకేతికాంశాలు

డంగు సున్నంతో నిర్మించిన గోడలకు సిమెంటు పూత హానికరం. సున్నపు గోడ లోని తేమను బయటకు వదులుతుంది; సిమెంటు దానిని లోపలే బంధించడం వలన పూత ఊడి, ఇటుక, రాయి క్షీణిస్తాయి. కావున పైకప్పు కారడాన్ని, వర్షపునీటి పారుదలను ముందుగా సరిదిద్ది, పిదప సున్నంతోనే మరమ్మతులు చేపట్టవలసి ఉంటుంది. లిఫ్టు, శీతలీకరణ గొట్టాలు, అగ్నిమాపక ఏర్పాట్లను మూల నిర్మాణాన్ని ఛేదించకుండా అమర్చడం మరొక క్లిష్టాంశం. గదుల సంఖ్య స్వల్పమగుట వలన ఈ వ్యయం ఆలస్యంగా రాబడుతుంది.

పూర్వోదాహరణ

నగరంలోని ఫలక్‌నుమా ప్యాలెస్‌ను తాజ్ సంస్థ 2000లో లీజుకు స్వీకరించగా, ప్రిన్సెస్ ఎస్రా పర్యవేక్షణలో సుమారు పదేండ్లు పునరుద్ధరణ సాగి, 2010 నవంబరులో 60 గదుల హోటల్‌గా ప్రారంభమైంది. 101 మంది ఏకకాలంలో భుజించగల భోజనశాల నేటికీ వినియోగంలో ఉంది. ఇట్టి పనులకు దీర్ఘకాలిక లీజు, నిపుణుల నిరంతర పర్యవేక్షణ, ఓర్పు అవసరమని ఈ అనుభవం తెలుపుతున్నది.

హిల్ ఫోర్ట్ విషయంలో కాలయాపన కూడా వ్యయమే. కప్పు కారే భవనానికి ప్రతి వర్షాకాలం నష్టాన్ని పెంచుతుంది. కూలిన భాగాన్ని తిరిగి కట్టవచ్చునే గాని, 1915 నాటి కట్టడాన్ని తిరిగి తేలేము.