లెక్క ముందుకా, వెనుకకా? సంతానం కోరే దంపతుల రోజుల లెక్కకు ఒక చరిత్ర



ఈ మధ్య నన్ను సలహా అడగవచ్చే నవదంపతులలో చాలామంది ఫోను చేత పట్టుకునే వస్తున్నారు. అందులో ఒక యాప్ ఉంటుంది. గర్భధారణకు ఫలానా రోజులు అనుకూలమని అది రంగు వేసి చూపుతుంది. "ఈ రోజులను నమ్మవచ్చునా?" అన్నది వారి ప్రశ్న. ఒక్క మాటలో సమాధానం చెప్పడం కష్టం. ఆ రంగు రోజుల వెనుక నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. అందులో పేరున్న వైద్యులు చేసిన పొరపాట్లు ఉన్నాయి. పోలవరంలో నేను చేసిన పొరపాటు కూడా ఒకటి ఉన్నది. దానితోనే మొదలుపెడతాను.

అది 1979 ప్రాంతం. నాటి పశ్చిమగోదావరి జిల్లా పోలవరం తాలూకాలో ప్రభుత్వ వైద్యునిగా పనిచేస్తున్నాను. పాపికొండల నడుమ ఇరుకున పారిన గోదావరి కొండలు దాటి వెడల్పయ్యే చోట, కుడిగట్టున ఉన్న ఊరు పోలవరం. ఎగువ గ్రామాలవారు లాంచీలో వచ్చి, చూపించుకుని, తిరుగు లాంచీకి వెళ్లిపోయేవారు. ఒక్కొక్కరితో మాట్లాడే వ్యవధి ఎప్పుడూ తక్కువే. పైగా ఆ రోజులలో మా దృష్టి అంతా పిల్లలు పుట్టకుండా చూడడం మీదనే ఉండేది. గోడలపై ఎర్రత్రికోణం, కుటుంబ నియంత్రణ శిబిరాలు, లక్ష్యాలు, నెలవారీ నివేదికలు. పిల్లలు కావాలని వచ్చిన స్త్రీ కోసం మా రిజిస్టర్లలో ఒక గడి అయినా ఉండేది కాదు.

ఒకనాడు అత్తగారి వెంట ఒక యువతి వచ్చింది. పెళ్లయి నాలుగేళ్లు. గోడకు తగిలించే పంచాంగం క్యాలెండరును చుట్టచుట్టి తెచ్చుకున్నది. నెలసరి వచ్చిన ప్రతి తేదీ మీదా కాటుకతో చుక్క పెట్టి ఉన్నది. నేను ఆ క్యాలెండరును పూర్తిగా విప్పనైనా లేదు. "ముట్టు మొదలైన నాటి నుంచి పద్నాలుగో రోజు చూసుకోండమ్మా" అని చెప్పి పంపించాను. పాఠ్యపుస్తకంలో ఉన్న మాటే అది. కాని ఆ మాట ఎక్కడినుంచి పుట్టిందో, దానికి ఏ షరతు ఉన్నదో నేను ఆలోచించలేదు.

మన పూర్వులకు ఈ విషయంలో ఒక లెక్క ఉండేది. గర్భం నిలవడానికి ఋతువు, క్షేత్రం, జలం, బీజం అనే నాలుగూ కూడాలని సుశ్రుతుడు పైరుతో పోల్చి చెప్పాడు. ఋతుకాలం పన్నెండు రాత్రులని అతని నిర్ణయం. మనుస్మృతి మొదటి నాలుగు రాత్రులతో కలిపి పదహారు అన్నది. నెలసరి ఇరవై ఎనిమిది రోజులకు వచ్చే స్త్రీకి ఈ లెక్క ఇంచుమించు సరిపోతుంది. గర్భం నిలిచే రోజులు ఆ పన్నెండులోనే పడతాయి. సరిరాత్రులలో కొడుకు, బేసిరాత్రులలో కూతురు అన్న నమ్మకానికి మాత్రం ఏ ఆధారమూ లేదు. అయితే ఆ లెక్క కూడా నెలసరి మొదటి రోజు నుంచి ముందుకు సాగే లెక్కే. అందరి చక్రమూ ఒకే పొడవు అన్నట్లు అది నడుస్తుంది.

పందొమ్మిదో శతాబ్దపు ఐరోపా వైద్యుల స్థితి ఇంతకంటె దూరం. ఆడకుక్కకు ఎదకు వచ్చే కాలంలో రక్తం కనిపిస్తుంది గనుక, స్త్రీకి కూడా బహిష్టు సమయంలోనే అండం విడుదలవుతుందని వారు భావించారు. పిల్లలు కావాలనుకునేవారు బహిష్టు వెంటనే ప్రయత్నించాలనీ, వద్దనుకునేవారికి చక్రం మధ్యభాగం నిరపాయమనీ చెప్పారు. నిజానికి సంగతి సరిగ్గా తలకిందులు. ఆ సలహా పాటించి సంతానం లేక బాధపడినవారెందరో, వద్దనుకుని కన్నవారెందరో లెక్క తేలదు.

ఈ చిక్కు విప్పిన మొదటివాడు జపానుకు చెందిన క్యూసాకు ఒగినో. నీగతా నగరంలోని ఒక ఆసుపత్రిలో స్త్రీవ్యాధుల వైద్యుడాయన. ఉదర శస్త్రచికిత్సలు చేసేటప్పుడు అండాశయాన్ని స్వయంగా పరిశీలించి, అండం విడుదలైన గుర్తులను ఆ రోగి నెలసరి తేదీలతో పోల్చి చూసేవాడు. 1924లో ఆయన ప్రకటించిన నిర్ణయం ఇది: అండం విడుదల కావడం రాబోయే బహిష్టుకు 12 నుంచి 16 రోజుల ముందు జరుగుతుంది. అంటే లెక్కించవలసినది గడచిన బహిష్టు నుంచి ముందుకు కాదు, రాబోయే బహిష్టు నుంచి వెనుకకు. చక్రం పొడవులో తేడా ఎక్కువగా వచ్చేది అండం విడుదలకు ముందరి భాగంలోనే. తరువాతి భాగం సుమారు రెండు వారాలతో చాలావరకు స్థిరం. దాదాపు అదే కాలంలో ఆస్ట్రియా వైద్యుడు హెర్మాన్ క్నౌస్ వేరే మార్గాన ఇంచుమించు ఇదే సంగతి కనుగొన్నాడు.

ఇరవై ఎనిమిది రోజుల చక్రంలో వెనుకకు పద్నాలుగు లెక్కించినా, ముందుకు పద్నాలుగు లెక్కించినా ఒకే చోటికి వస్తాము. పాఠ్యపుస్తకంలోని "పద్నాలుగో రోజు" పుట్టింది అక్కడే. చక్రం మారితే ఆ మాట చెల్లదు.

ఒగినో ఈ లెక్కను తలపెట్టింది సంతానం కోరేవారి మేలుకు. ప్రపంచం దానిని సంతానం వద్దనుకునేవారి సాధనంగా స్వీకరించింది. అది ఆయనకు ఇష్టం లేదు. మన దేశంలోకి కూడా ఈ లెక్క ఆ రెండో రూపంలోనే ప్రవేశించింది. స్వతంత్ర భారత తొలి ఆరోగ్యమంత్రి రాజకుమారి అమృతకౌర్ గాంధేయవాది. కృత్రిమ సాధనాలకు ఆమె సుముఖురాలు కాదు. ఆమె కోరికపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 1951లో అమెరికా వైద్యుడు అబ్రహాం స్టోన్‌ను పంపింది. ఢిల్లీలోని లోడీ కాలనీలోను, మైసూరు రాష్ట్రంలోని రామనగరంలోను ప్రయోగాలు మొదలయ్యాయి. తరువాతి కాలంలో "షోలే" సినిమా తీసిన కొండలు ఆ రామనగరానివే.

అక్కడి స్త్రీలకు పూసల దండలు ఇచ్చారు. రోజుకు ఒక పూస జరపాలి. గర్భం నిలిచే రోజులకు ఒక రంగు, తక్కిన రోజులకు వేరొక రంగు. రాత్రి చీకటిలో రంగు తెలియడం లేదని కొందరన్నారు. కొందరు పూసను మరచిపోయారు. మరికొందరు దండ మెడలో ఉంటే చాలు, అదే తాయత్తులా కాపాడుతుందనుకున్నారు. ఆశించిన ఫలితం రాలేదు. నేను చదివిన వ్యాసాలలో కొందరు దీనిని నవ్వులాటగా రాశారు. నాకు నవ్వు రాదు. వైద్యుడు లెక్క చేతికిచ్చి కారణం చెప్పకపోతే, ఏ లెక్క అయినా తాయత్తే అవుతుంది. నేను ఆ యువతికి ఇచ్చిన "పద్నాలుగో రోజు" కూడా అటువంటి తాయత్తే.

ఏడాది పైన మూడు నెలలు గడిచాక ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి ఒంటరిగా.

"మీరు చెప్పినట్టే చేశామండి. ఒక్క నెలా తప్పలేదండి. ఇంట్లో ఆయనకి రెండో సంబంధం చూస్తున్నారండి" అన్నది.

అప్పుడు క్యాలెండరు పూర్తిగా విప్పి బల్లమీద పరిచాను. కాటుక చుక్కల మధ్య రోజులు లెక్కపెట్టాను. ముప్పై నాలుగు, ముప్పై ఆరు, ముప్పై ఐదు, మళ్లీ ముప్పై ఐదు. వెనుకకు పద్నాలుగు తీసివేస్తే ఆమెకు అండం విడుదలయ్యేది ఇరవై ఒకటో రోజు ప్రాంతంలో. నా మాట నమ్మి ఆ దంపతులు ప్రతి నెలా వారం ముందు ప్రయత్నించి, ఆ పైన ఇక ఫలితం లేదని ఊరుకున్నారు. సమాచారమంతా ఆమె మొదటిరోజే తెచ్చి నా బల్లమీద పెట్టింది. చూడనిది నేను.

"తప్పు నాదమ్మా" అని చెప్పాను. భర్తను కూడా తీసుకురమ్మన్నాను. వీర్యపరీక్షకు అతడు మొదట ఒప్పుకోలేదు, తరువాత వచ్చాడు. దోషమేమీ కనబడలేదు. రోజులు సరిచేసి చెప్పాను. ఐదారు నెలలకు ఆమె నెల తప్పింది. అది నా లెక్క వల్లనే అని చెప్పలేను, ఒక్క ఉదాహరణతో ఏదీ రుజువు కాదు. కాని పదిహేను నెలలపాటు ఆమె పడిన మాటలకు, రెండో పెళ్లి భయానికి నా నిర్లక్ష్యం కారణమన్నది మాత్రం రుజువే.

చక్రం పొడవు నెలనెలా మారే స్త్రీలకు వెనుకకు లెక్క కూడా చాలదు. రాబోయే బహిష్టు ఎప్పుడో ముందుగా తెలియదు కదా. అందుకే వైద్యులు తేదీలను వదలి శరీరం చూపే గుర్తులను వెతికారు. ఈ గుర్తులు రెండు రకాలు. గోదావరి ఒడ్డున పుట్టినవారికి ఆ తేడా తేలికగా బోధపడుతుంది. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అది రాబోయే వరదను చెబుతుంది. వరద తీసిన తరువాత గోడ మీద మిగిలే బురదచార వచ్చిపోయిన వరదను చెబుతుంది. 1986 ఆగస్టు వరద చారలను మేము గోడల మీద చాలాకాలం చూశాము.

శరీర ఉష్ణోగ్రత బురదచార వంటిది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టరాన్ ప్రభావం వల్ల ఉదయపు ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ ఫారన్‌హీట్ పెరిగి, తరువాతి బహిష్టు వరకు అలాగే ఉంటుంది. ఈ రెండంతస్తుల తీరును డచ్చి వైద్యుడు వాన్ డి వెల్డె ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాలలోనే గుర్తించాడు. అండం విడుదలైందని ఇది నిర్ధారిస్తుంది. అయితే అది తెలిసేసరికి ఆ నెల అవకాశం దాటిపోతుంది.

గర్భాశయ ముఖద్వారం నుంచి వచ్చే స్రావం భద్రాచలం హెచ్చరిక వంటిది. అండం విడుదల దగ్గరపడినకొద్దీ అది పలుచబడి, కోడిగుడ్డు తెల్లసొన వలె పారదర్శకంగా, సాగేటట్లు మారుతుంది. మెల్‌బోర్న్‌కు చెందిన వైద్య దంపతులు జాన్, ఎవెలిన్ బిల్లింగ్స్ 1950ల నుంచి దీనిని పద్ధతిగా తీర్చిదిద్దారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాలలో దీనిని పరీక్షించింది. ఆ ఐదు కేంద్రాలలో మన బెంగుళూరు ఒకటి. నేర్పిన మొదటి చక్రంలోనే నూటికి తొంభైమందికి పైగా స్త్రీలు ఆ మార్పును గుర్తుపట్టి నమోదు చేయగలిగారు. వారిలో చదువురానివారూ ఉన్నారు. 1981లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. చుక్కలు పెట్టిన ఆ యువతికి నేర్పి ఉంటే తప్పక నేర్చుకునేది.

1980లలో మూత్రంతో ఇంట్లోనే చేసుకునే ఎల్‌హెచ్ పరీక్షలు వచ్చాయి. అండం విడుదలకు సుమారు ఒకటి, ఒకటిన్నర రోజు ముందు ఆ హార్మోను ఒక్కసారిగా పెరుగుతుంది. దానిని పట్టుకునే స్ట్రిప్పులు నేడు మందుల షాపులలో దొరుకుతున్నాయి. పీసీఓడీ ఉన్నవారిలో అండం విడుదల కాకున్నా ఇవి గీత చూపవచ్చు.

చివరిగా అమెరికాలో అలెన్ విల్‌కాక్స్ బృందం 1995లో ప్రకటించిన పరిశోధన. గర్భం కోరుతున్న 221 మంది స్త్రీలను పరిశీలించి, గర్భం నిలిచే అవకాశం అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు, మొత్తం ఆరు రోజులేనని వారు తేల్చారు. వీర్యకణాలు ఐదు రోజుల వరకు జీవించగలవు, అండం ఒక్క రోజుకు మించి నిలవదు. కనుక వరద వచ్చాక పడవ వెతకడం కాక, ముందే సిద్ధంగా ఉండడం మేలు.

ఇక ఆ దంపతుల ప్రశ్నకు వస్తాను. కేవలం తేదీలతో పనిచేసే యాప్ చేసేది ఒగినో లెక్కే. నెలసరి క్రమంగా వచ్చేవారికి అది ఉపయోగపడుతుంది, క్రమం తప్పేవారిని పొరబెడుతుంది. ఇంట్లో చేయదగినవి ఇవి.

ఆరు చక్రాల తేదీలు రాసి పెట్టండి. తిథులతో కాక తేదీలతో లెక్కించండి, తిథికి వృద్ధి క్షయాలు ఉంటాయి. అన్నిటికంటె చిన్న చక్రం నుంచి 18, పెద్ద చక్రం నుంచి 11 తీసివేయండి. ఆ రెంటి మధ్యవి అనుకూలమైన రోజులు. 35 రోజుల చక్రమైతే 17 నుంచి 24 వరకు. స్రావంలో మార్పును గమనించండి. ఈ లెక్కలన్నీ మనసుకు భారమనిపిస్తే పక్కన పెట్టి, రెండు మూడు రోజులకొకసారి కలిసినా చాలు, ఆ ఆరు రోజులు తప్పిపోవు.

గర్భానికి కనీసం నెల ముందునుంచి రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం స్త్రీ తీసుకోవాలి. శిశువు వెన్నుపాము లోపాలను అది చాలావరకు నివారిస్తుంది. 1945లో దాని సంశ్లేషణ సాధించిన లెడర్లీ పరిశోధక బృందానికి సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఏడాది ప్రయత్నించినా ఫలితం లేకపోతే, స్త్రీ వయసు 35 దాటితే ఆరు నెలలకే, వైద్యుని కలవండి. నెలసరి బాగా క్రమం తప్పుతుంటే అంతవరకు కూడా ఆగవద్దు. ఇద్దరూ కలిసి వెళ్లండి. సంతానలేమితో వచ్చే జంటలలో సుమారు సగంమందిలో పురుషుని వైపు కారణం కూడా ఉంటుంది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్యను ఎదుర్కొంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తెలిపింది. గొడ్రాలు అన్న మాట ఇంకా వాడే ఇళ్లవారు ఈ రెండు సంగతులు గుర్తుంచుకుంటే చాలు.

నా వృత్తిలోని యువవైద్యులకు ఒక్క మనవి. ఎవరైనా స్త్రీ తన తేదీలు రాసుకుని మీ ఎదుటికి వస్తే, అది క్యాలెండరు కానీయండి, ఫోను కానీయండి, ముందు దానిని పూర్తిగా చూడండి. సలహా ఆ తరువాత చెప్పవచ్చు.