పేర్లలో దాగిన చరిత్ర: జలపాతాలు, ఏనుగులు, యాత్రికులు

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు:
• స్థలనామాలను చారిత్రక ఆధారాలుగా ఎలా వాడుకోవచ్చో వివరించగలుగుతారు.
• సందర్శకుల దృష్టికి, స్థానికుల దృష్టికి గల తేడాను గుర్తించగలుగుతారు.
• కౌండిన్య అడవులకు ఏనుగులు రావడానికి గల కారణాలను, పర్యవసానాలను చర్చించగలుగుతారు.

1. పరిచయం

విదేశయాత్రలకు వెళ్ళేవారు చూడాలనుకునే వాటిలో ప్రసిద్ధ జలపాతాలు, ఉష్ణమండల అడవుల్లోని జంతువులు ముందుంటాయి. ఆఫ్రికాలో జాంబెజీ నదిపై ఉన్న విక్టోరియా జలపాతం అటువంటిదే. 1855 నవంబరులో డేవిడ్ లివింగ్‌స్టన్ దానిని చూసి తమ రాణి పేరు పెట్టాడు. అంతకు ముందునుంచే స్థానికులు దానిని 'మోసి-ఓవా-తున్యా' అనేవారు. 'ఉరిమే పొగ' అని ఆ మాటకు అర్థం. 1989లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు రెండు పేర్లనూ కలిపి నమోదు చేశారు. మొదటి పేరు చూడవచ్చిన వారి అధికారాన్ని తెలుపుతుంది. రెండవ పేరు ఆ నీటి తీరును తెలుపుతుంది. ఇటువంటి జంట పేర్లు మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతంలో కూడా ఉన్నాయా? ఉంటే అవి మనకు ఏమి చెబుతాయి?

2. కొండకు రెండు పేర్లు

మదనపల్లె సమీపంలోని హార్స్‌లీ హిల్స్ ఎత్తు 4,000 అడుగులకు పైనే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. ఆ జిల్లా కలెక్టరు డబ్ల్యు.డి. హార్స్‌లీ 1870 ప్రాంతంలో ఈ కొండపై వేసవి విడిది కట్టించుకున్నాడు. ఆయన పేరే కొండకు స్థిరపడింది. ఎండ తట్టుకోలేని పాలకులు చల్లని కొండలను విడుదులుగా మార్చుకోవడం నాడు దేశమంతటా జరిగింది.

కొండకు ప్రజలు పెట్టుకున్న పేరు 'ఏనుగు మల్లమ్మ కొండ'. మల్లమ్మ అనే బాలిక కొండపై ఉండేదనీ, ఏనుగులు ఆమెను సాకాయనీ, చుట్టుపక్కల వారి జబ్బులను ఆమె నయం చేసేదనీ ఐతిహ్యం. చరిత్ర విద్యార్థి ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఈ కథ మల్లమ్మ జీవించిందనడానికి రుజువు కాదు. అయితే కథ అల్లినవారికి, పేరు పెట్టినవారికి ఏనుగు పరిచయమైన జంతువేనని ఊహించడానికి ఇది దారి చూపుతుంది. ఆ ఊహ నిలవాలంటే ఇతర ఆధారాలు కూడా తోడు కావాలి.

పలమనేరు - కుప్పం దారిలో ఉన్న కైగల్ జలపాతాన్ని చుట్టుపక్కల వారు 'దుముకురాళ్ళు' అంటారు. నీరు రాళ్ళమీదుగా దుమికే తీరే ఆ పేరు. 'ఉరిమే పొగ' లాగే ఇదీ కళ్ళతో చూసి పెట్టిన పేరు.

3. ఏనుగుల రాక

సుమారు రెండు శతాబ్దాలపాటు ఈ ప్రాంతపు అడవుల్లో స్థిరంగా ఉండే ఏనుగుల మందలు లేవు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవులనుంచి మందలు ఇటు రాసాగాయి. అక్కడి అడవులు ముక్కలు కావడం, కరవుకాలంలో మేత, నీరు తగ్గడం ఇందుకు ముఖ్య కారణాలు. మూడు రాష్ట్రాలు కలిసేచోట కుప్పం ఉంది. రాష్ట్రాల సరిహద్దులు మనుషులు గీసుకున్నవి. ఏనుగు నడిచేది నీటి వెంట, మేత వెంట. 1990లో ప్రభుత్వం సుమారు 357 చదరపు కిలోమీటర్ల అడవిని కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. పాలారు పరీవాహకానికి చెందిన కౌండిన్య, కైగల్ ఏర్లు ఈ అడవిలో పారుతాయి.

4. చూసేవారు, బతికేవారు

పెద్ద ఏనుగుకు రోజుకు సుమారు 150 కిలోల మేత కావాలి. అడవి అంచున వరి, చెరకు, అరటి, మామిడి ఉంటే అది పొలంలోకి దిగుతుంది. కుప్పం, పలమనేరు పల్లెల్లోనే కాదు, పుంగనూరు వైపు సోమల, సదుం మండలాల్లోనూ రైతులు పంటలు నష్టపోయారు. ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. కరెంటు తీగలు తగిలి ఏనుగులూ చనిపోయాయి. కందకాలు, సౌర విద్యుత్ కంచెలు సమస్యను పూర్తిగా తీర్చలేదు. 2025లో కర్ణాటక ప్రభుత్వం శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది.

సెలవు రోజున వచ్చిన యాత్రికునికి ఏనుగు కనిపించడం అదృష్టం. రాత్రంతా మంచెమీద కాపలా ఉండే రైతుకు అదే ఏనుగు ఏడాది కష్టానికి ముప్పు. ఇద్దరూ చూసేది ఒకే జంతువును. యాత్రికుడు ఫొటోలు మిగుల్చుకుంటాడు, గ్రంథాలు రాస్తాడు. రైతు అనుభవం నష్టపరిహారపు అర్జీలలోనూ, ఊరివారి మాటల్లోనూ మాత్రమే మిగులుతుంది. మొదటి దానినే ఆధారంగా తీసుకుంటే చరిత్ర సగమే అవుతుంది. కొండకు హార్స్‌లీ పేరొక్కటే చెప్పి ఊరుకోవడం వంటిదే అది.

సారాంశం

స్థలనామాలు ప్రకృతికీ మనిషికీ ఉన్న సంబంధాన్ని తెలిపే ఆధారాలు. ఐతిహ్యాన్ని యథాతథంగా నమ్మకూడదు, పూర్తిగా తోసిపుచ్చకూడదు. ప్రకృతి సందర్శన చరిత్ర రాసేటప్పుడు చూడవచ్చిన వారితో పాటు అక్కడే బతుకుతున్న వారినీ లెక్కలోకి తీసుకోవాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. హార్స్‌లీ హిల్స్‌కు గల స్థానిక నామం ఏమిటి? అది దేనిని సూచిస్తుంది?
2. 1980లలో ఏనుగులు కౌండిన్య అడవులకు రావడానికి కారణాలు రాయండి.
3. మీ ఊరి సమీపంలోని ఒక కొండ, వాగు లేదా చెరువు పేరు గురించి ముగ్గురు పెద్దలను అడిగి, వారు చెప్పిన వివరాలను పోల్చి ఒక పుటలో రాయండి.